బట్ట అరిగేది బకెట్లోనే

టాప్ లోడ్ వాషింగ్ మెషీన్ డ్రమ్ములో ఒక పక్కన చిన్న జాలీ సంచి ఉంటుంది. వారానికోసారి దాన్ని తిరగేసి దులిపితే గుప్పెడు బూడిదరంగు నూగు రాలుతుంది. చాలా ఇళ్లలో దాన్ని మురికి అనుకుని పారేస్తారు. నిజానికి అందులో ఎక్కువ భాగం బట్టే. తువ్వాళ్లు, లుంగీలు, టీషర్టుల నుంచి ఊడివచ్చిన నూలు పీచు అది. ఒంటి మీద ఉన్నంతసేపూ బట్ట మోచేతుల దగ్గర, కాలరు మడత దగ్గర, తొడల మధ్యే ఎక్కువగా అరుగుతుంది. ఉతికేటప్పుడు అడుగడుగూ అరుగుతుంది. కాబట్టి బట్ట ఎన్నేళ్లు వస్తుందన్నది దాన్ని ఎన్నిసార్లు కట్టుకున్నామన్నదాని కంటే ఎన్నిసార్లు, ఎలాంటి నీళ్లలో, ఎంత పొడి వేసి ఉతికామన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఎన్నిసార్లన్నది తేలిగ్గా తేలే సంగతి. బనీన్లు, లోదుస్తులు, సాక్సులు, చెమట పట్టిన చొక్కాలు మన ఉక్కలో ఒక్కపూటకే ఉతుక్కి పోవాల్సిందే. జీన్సు ప్యాంటుకు ఆ అవసరం లేదు, నాలుగైదు సార్లు తొడిగాక ఉతకొచ్చు. పెళ్లికి రెండు గంటలు కట్టిన పట్టుచీరను ఉతకనే అక్కర్లేదు. ఫ్యాను కింద ఒక పూట ఆరనిచ్చి మడత పెడితే సరిపోతుంది. చిక్కంతా నీళ్లతోనే.

తెలంగాణ, రాయలసీమ ఊళ్లలో, హైదరాబాద్ శివారు కాలనీల్లో బట్టలుతికేది చాలావరకు బోరు నీళ్లతో. జనం వాటిని ‘ఉప్పు నీళ్లు’ అంటారు, బడి పుస్తకం ‘కఠిన జలం’ అంటుంది. బట్టల వరకు చూస్తే మామూలు ఉప్పుతో పెద్ద పేచీ లేదు, పేచీ అంతా నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియంలతోనే. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ఈ కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండమంటుంది, వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. ఆ 600 మిల్లీగ్రాముల నీళ్లతో 20 లీటర్ల బకెట్ నింపామనుకుందాం. అందులో ఉన్న కాఠిన్యం 12 గ్రాములు. ఒక గ్రాము కాఠిన్యం దాదాపు 6 గ్రాముల సబ్బును పట్టుకుని తెట్టుగా మార్చేస్తుంది. అంటే ఆ బకెట్లో నురగ పుట్టకముందే 70 గ్రాములకు పైగా సబ్బు నీళ్లపాలు. 150 గ్రాముల సబ్బుబిళ్లలో ఇంచుమించు సగం మురికిని ముట్టుకోకుండానే పోయినట్టు. పోయిన సబ్బు పోయినట్టు ఊరుకోదు కూడా. ఆ తెట్టు నీళ్లలో కరగదు, జాడించినా పూర్తిగా పోదు, పోగుల మధ్య మైనంలా అంటుకుపోతుంది.

ఇప్పటి డిటర్జెంట్ పొడులు, నీలం బార్లు అసలైన సబ్బులు కావు కాబట్టి వాటికి ఈ తిప్పలు తక్కువే, బొత్తిగా లేకపోలేదు. పొడుల్లో చాకలి సోడా బాగా ఉంటుంది. అది నీళ్లలోని కాల్షియాన్ని పట్టి సున్నపురాయి పొడిలాంటి రేణువుగా దింపుతుంది. ఆ రేణువు బకెట్ అడుగున పడితే బాగుండును, బట్ట మీదే పడుతుంది. తెల్లచొక్కా ఆరు నెలల్లో మాసిన పావురం రంగుకు తిరిగేది, తువ్వాలు దండెం మీద అప్పడంలా బిగుసుకునేది అందుకే. పైగా ఆ రేణువులు పోగుల మధ్య గరుకు కాగితంలా పనిచేస్తాయి. బట్ట వంగిన ప్రతిసారీ పీచును కోస్తాయి. బట్ట తెల్లగా రాలేదని ఉతికేవాళ్లు ఇంకో చెంచా పొడి వేస్తారు, ఇంకాస్త గట్టిగా బండకేసి బాదుతారు. ఆ రెండూ రోగాన్ని ముదరబెట్టేవే.

నీళ్ల సంగతి తేల్చుకోవడానికి పరికరం అక్కర్లేదు. లీటరు సీసాలో గ్లాసుడు బోరు నీళ్లు పోసి, ఒంటి సబ్బును శనగగింజంత గీకి వేసి, పది సెకన్లు గట్టిగా ఊపాలి. ఇంకో సీసాలో ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లతో అదే చేయాలి. రెండో దాంట్లో నురగ పైకి లేచి నిలుస్తుంది. మొదటి దాంట్లో నురగకు బదులు పాలు విరిగినట్టు తెల్లటి తునకలు తేలితే నీళ్లు బాగా కఠినమని అర్థం. ఈ పరీక్షకు షాంపూ, సర్ఫు పనికిరావు, అవి కఠిన జలంలోనూ కొంత నురుగుతాయి. ఇంట్లో టీడీఎస్ మీటరు ఉంది కదా అని దాన్ని నమ్ముకోవడం కూడా పొరపాటే. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపుతుంది, సోడియం ఎంతో కాల్షియం ఎంతో విడగొట్టదు.

ఇక్కడే ఇంకో సంగతి. ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే వృథా నీళ్లను బకెట్లో పట్టి బట్టలకు వాడితే పొదుపు అని చాలామంది చెబుతుంటారు. నీళ్లు పొదుపయ్యే మాట నిజమే, బట్టలకు మాత్రం చెరుపు. ఫిల్టరు పట్టి ఆపిన కాల్షియమంతా ఆ వృథా నీళ్లలోనే చేరుతుంది, అవి బోరు నీళ్ల కంటే కఠినం. గచ్చు కడగడానికి వాడుకోవచ్చు. బట్టలకు పనికొచ్చేది ఏసీ గొట్టం నుంచి కారే నీరు. గాల్లోని తేమ చల్లబడి నీరైంది కాబట్టి అందులో కాల్షియం ఉండదు. ఎండాకాలంలో ఉక్కగా ఉన్న రోజున రాత్రంతా ఏసీ నడిస్తే చెప్పుకోదగ్గ నీరే వస్తుంది. వాననీళ్లూ అంతే.

మెత్తని నీళ్లు కొద్దిగానే దొరికే ఇంట్లో వాటిని ఉతకడానికి ఖర్చు పెట్టకుండా చివరి జాడింపుకు దాచుకోవాలి. ఉతికాక బట్టలో మిగిలిన సోడా, తెట్టు అప్పుడు కొంతైనా వదులుతాయి. అవీ లేవంటే బకెట్ నీళ్లలో టీస్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చివరిసారి జాడించవచ్చు. పోగుల్లో చేరిన సున్నపు రేణువును అది కొంత కరిగిస్తుంది. అప్పడంలా మారిన పాత తువ్వాళ్లను ఆ నీళ్లలో అరగంట నానేసి జాడిస్తే తేడా ఒక్కసారికే తెలుస్తుంది. బట్టలకు వేసే సాఫ్టెనర్ (ఫ్యాబ్రిక్ కండిషనర్) ఆ పని చేయదు. పోగుల మీద జిడ్డు పొరలాంటిది పూసి మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది, దాంతో తువ్వాలు నీళ్లు పీల్చడం మానేస్తుంది.

నూలు దుప్పట్లు, తెల్ల పంచెలు, తువ్వాళ్ల వరకైతే ఉతకబోయే నీళ్లనే ముందుగా మెత్తబరచవచ్చు. పైన లెక్కగట్టిన 20 లీటర్ల బకెట్‌కు 13 గ్రాముల పొడి చాకలి సోడా (పలుకులుగా ఉండేది కాదు), అంటే ఇంచుమించు ఒక టేబుల్ స్పూను కావాలి. దాన్ని ముందురోజు రాత్రే కలిపి కదపకుండా ఉంచితే తెల్లారేసరికి అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. మడ్డి కదలకుండా పైనీళ్లు వంచుకుని వాడాలి. మెగ్నీషియం దీనికి అంతగా లొంగదు, అయినా పొడి ఖర్చు తగ్గడం కనిపిస్తుంది. పొడితోపాటు సోడానూ బట్టల మీదే చల్లేస్తే ఆ మడ్డి బట్టల్లోకే దిగుతుంది, కాబట్టి ముందు వెనకలు ముఖ్యం. పట్టుకూ ఉన్నికీ సోడా నీళ్లు తగలకూడదు. అవి రెండూ మన వెంట్రుకల్లాగే మాంసకృత్తులతో అయినవి, క్షారం వాటిని తినేస్తుంది. తినే సోడా వేరు, చాకలి సోడా వేరు. తినే సోడాకు ఈ బలం లేదు.

పొడి ఎంత వేయాలన్నదానికి చేతితో ఉతికేవాళ్లకు ఒక అందాజా చెప్పవచ్చు. పది లీటర్ల నీళ్లకు 20 గ్రాములు, అంటే తలకొట్టిన రెండు టేబుల్ స్పూన్లు. ముందు పొడి పూర్తిగా కరగాలి, ఆ తర్వాతే బట్టలు ముంచాలి. తడిబట్టల మీద పొడి చల్లితే కరగని గింజ తగిలిన చోట ముదురు రంగుల మీద తెల్లచుక్క పడుతుంది. నానబెట్టడం అరగంట చాలు. రాత్రంతా నానేస్తే వదిలిన మురికి మళ్లీ బట్టకే అంటుకుంటుంది, రంగు దిగుతుంది, ముక్కవాసన మొదలవుతుంది. పొడి ఎక్కువవుతోందా లేదా అన్నది ఉతికి ఆరేసిన తువ్వాలే చెబుతుంది. దాన్ని శుభ్రమైన గోరువెచ్చని నీళ్లలో ముంచి చేత్తో కలియబెడితే నురగ లేస్తే, వేయాల్సినదానికంటే ఎక్కువ వేస్తున్నట్టు.

మెషీన్‌లో నురగ ఎక్కువైతే ఇంకో నష్టముంది. మెషీన్ ఉతికేది బట్టలు ఒకదాని మీద ఒకటి పడి రాసుకోవడం వల్ల. మధ్యలో నురగ పరుపులా అడ్డుపడితే మురికి వదలదు. బట్టలు కుక్కినా అదే ఫలితం. 7 కిలోల మెషీన్ అంటే పొడి నూలుబట్టలు 7 కిలోలు, సింథటిక్ బట్టలైతే అందులో సగం కూడా వేయకూడదు. జీన్సు ఒక్కటే ముప్పావు కిలో, డబుల్ కాట్ దుప్పటి కిలోకు అటూ ఇటూ తూగుతుంది. ఫ్రంట్ లోడ్ డ్రమ్ములో బట్టలు వేశాక పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి.

జిప్పులు వేయాలి, జాకెట్ హుక్కులు పెట్టేయాలి. తెరిచిన హుక్కు తోటి బట్టల పోగులను గీరి లాగుతుంది, టీషర్టు కడుపు దగ్గర ఎలాగొచ్చాయో తెలియని సన్నచిల్లులకు ఇదీ ఒక కారణం. చొక్కా గుండీలు మాత్రం తీసే ఉంచాలి, పెట్టి ఉంచితే కాజాల మీద గుంజుడు పడుతుంది. ముదురు రంగులను తిరగేసి వేయాలి. చీరను వదులుగా వేస్తే మోకులా మెలిపడుతుంది, మడిచి పాత దిండు గలీబులో పెట్టి మూతి కట్టి వేయడం మేలు. రేయాన్, విస్కోస్ కుర్తీలను అసలు గట్టిగా పిండకూడదు. నూలు తడిస్తే ఇంకాస్త బలపడుతుంది, విస్కోస్ తడిస్తే సగానికి సగం బలం పోగొట్టుకుంటుంది. రెండింటికీ ఒకే పద్ధతి పెడితే మొదట చిరిగేది ఏదో వేరే చెప్పక్కర్లేదు.

మరకల దగ్గర తొందరపాటు ఎక్కువ బట్టలను పాడుచేస్తుంది. తెల్లచొక్కా మీద పప్పు ఒలికిందనుకుందాం. సబ్బు రాయగానే పసుపు మరక కుంకుమ రంగుకు తిరుగుతుంది. చూసినవాళ్లు బట్ట పాడైందని కంగారుపడి బ్లీచింగ్ కోసం పరుగెత్తుతారు. నిజానికి ఏమీ కాలేదు. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, శుభ్రంగా జాడిస్తే మళ్లీ పసుపుపచ్చకు వస్తుంది. దాన్ని విరిచేది ఎండ. మరక మిగిలిన బట్టను తడిగా ఉండగానే ఎండలో ఆరేస్తే, ఒకటి రెండు పూటల్లో కర్కుమిన్ వెలిసిపోతుంది. ఆవకాయ మరకలో పసుపుతోపాటు నూనె, కారం రంగు కూడా ఉంటాయి కాబట్టి వరస మార్చకూడదు. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు పొడి బట్ట మీదే రాసి పది నిమిషాలు ఉంచాలి, నీళ్లు పోస్తే నూనె దాన్ని దగ్గరకు రానివ్వదు. తర్వాత మామూలుగా ఉతికి, ఆఖరున ఎండ చూపించాలి. నూనె ఉండగానే ఎండలో వేసినా, ఇస్త్రీ చేసినా ఆ మరక బట్టతోపాటే ఉండిపోతుంది.

నెత్తురు, పాలు, గుడ్డు మరకలకు చన్నీళ్లే మందు. వేణ్నీళ్లు తగిలితే మాంసకృత్తులు గుడ్డు ఉడికినట్టు గట్టిపడి పోగులను కరుచుకుంటాయి. ‘ఎంజైమ్’ అని రాసి ఉండే పొడులు వీటిమీద బాగా పనిచేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో కొంతసేపు వదిలేయాలి, సలసల మరిగే నీళ్లు పోస్తే ఎంజైమే చచ్చిపోతుంది.

బోరు నీళ్లలో ఇనుము ఉన్న ఇళ్లలో తెల్లబట్టల మీద తుప్పు చుక్కలు వస్తుంటాయి. వీటికి బ్లీచ్ పెట్టడం మంట మీద నెయ్యి పోయడమే. బ్లీచ్ ఇనుమును ఇంకా తుప్పుపట్టిస్తుంది, లేత మచ్చ ముదురుతుంది. నిమ్మ ఉప్పును నీళ్లతో ముద్దగా చేసి మచ్చ మీద అరగంట ఉంచి జాడించాలి. బ్లీచ్ ఉన్న బకెట్లో నిమ్మ ఉప్పుగానీ, వెనిగర్‌గానీ, బాత్రూం యాసిడ్‌గానీ పొరపాటున కూడా కలపకూడదు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

రంగు దిగడం గురించి నడిచే నమ్మకాల్లో ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ‘పట్టుకుంటుంది’ అనేది ముఖ్యమైనది. అద్దకంలో రంగును పోగులోకి నెట్టడానికి ఉప్పు వాడే మాట నిజం. అద్దడం అయిపోయి, సరిగ్గా అంటకుండా పైపైన మిగిలిన రంగును ఇంటి బకెట్లోని గుప్పెడు ఉప్పు నిలబెట్టలేదు. మహా అయితే ఆ ఒక్క ఉతుకులో కాస్త తక్కువ దిగుతుంది. కొత్త చీరను లోపలి అంచు దగ్గర తడిపి, పైన తెల్లగుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెతో పది సెకన్లు అదిమితే సంగతి తేలిపోతుంది. తెల్లగుడ్డకు రంగు అంటితే మొదటి మూడు నాలుగు ఉతుకులు ఒంటరిగా, చన్నీళ్లలో, నానబెట్టకుండా, వెంటవెంటనే జాడించి ఆరేయాలి.

చేనేత బట్టలకు ఒకే సూత్రం పనికిరాదు. గద్వాల చీరనే తీసుకుందాం. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు భాగాన్ని చూసి సర్ఫులో నానేస్తే పట్టు అంచు మెరుపు చస్తుంది. నీళ్లు తగలగానే నూలు కాస్త కుదించుకుంటుంది, పట్టు అంతగా కుదించుకోదు, అందుకని అంచు వెంట సన్నగా కుచ్చులు లేస్తాయి. గంజి పెడితే నూలుకు నిటారుతనం వస్తుంది, పట్టు చెక్కలా మారుతుంది. ఇలాంటి చీరకు దాని బలహీన భాగం చెప్పినట్టు వినాలి. చన్నీళ్లు, కుంకుడుకాయ రసం, పిండకుండా తువ్వాల్లో చుట్టి అద్దడం. గింజలు తీసిన ఎనిమిది, పది కుంకుడుకాయలను అరలీటరు వేణ్నీళ్లలో గంటసేపు నానేసి పిసికి, పలచటి గుడ్డలో వడకట్టి, చల్లారాక బకెట్ నీళ్లలో కలిపితే ఒక చీరకు సరిపోతుంది. కుంకుడు రసానిది గోధుమరంగు, కాబట్టి తెల్లపట్టుకూ లేతరంగులకూ వద్దు.

కలంకారీకి ఇంకో చిక్కు. పెడన అచ్చు కలంకారీలో గానీ, శ్రీకాళహస్తి కలం పనిలో గానీ పాత పద్ధతి నలుపు ఎలా వస్తుందంటే, బట్టకు ముందే కరక్కాయ పట్టించి ఉంచుతారు. దాని మీద, తుప్పుపట్టిన ఇనుమును బెల్లంనీళ్లలో పులియబెట్టిన ద్రవంతో గీస్తారు. కరక్కాయ ఒగరూ ఇనుమూ కలిసి నల్లబడతాయి. తుప్పు చుక్కను నిమ్మ ఉప్పు ఎలా కరిగిస్తుందో ఈ నలుపునూ అలాగే కరిగిస్తుంది. బట్టలన్నిటికీ చివరి జాడింపులో నిమ్మరసమో వెనిగరో వేయమనే చిట్కా కలంకారీ దుప్పటి మీద పెడితే బొమ్మల గీతలు లేతబడతాయి. సహజరంగుల బట్టకు చన్నీళ్లూ, కొద్దిపాటి మెత్తని లిక్విడూ, నీడా తప్ప ఇంకేమీ వద్దు.

గంజి విషయానికొస్తే, కుక్కర్లు వచ్చాక అన్నం వార్చే ఇళ్లు తగ్గి గంజి కూడా కొనుక్కునే సరుకైంది. లీటరు నీళ్లకు టేబుల్ స్పూను సగ్గుబియ్యం పొడి చాలు. చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, అద్దంలా పారదర్శకంగా వచ్చేదాకా కాచి, వడకట్టి, మరో లీటరు నీళ్లతో పలుచన చేస్తే ఒక నూలుచీరకు సరిపోతుంది. చీర తడిగా ఉండగానే ముంచాలి, పొడిచీర అక్కడక్కడా ఎక్కువ పీల్చి పట్టలు కడుతుంది. గంజి అందానికే కాదు, మురికి గంజిపొరకు అంటుకుని ఉతికినప్పుడు దానితోపాటే పోతుంది. అయితే నెలల తరబడి బీరువాలో పెట్టే చీరకు గంజి ఉండకూడదు. సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగుల్లాంటి వాటికి అది విందు. బిగిసిన గంజి మడత దగ్గర విరిగితే పోగు కూడా దాంతోపాటే తెగుతుంది.

ఆరేయడంలో తెల్లనూలుకు ఎండ మంచిది, రంగులకు నీడ. నీరెండైనా సరే బట్ట తిరగేసే వేయాలి. బనీన్లు, లోదుస్తుల ఎలాస్టిక్‌కు రెండు శత్రువులు, మండుటెండ, క్లోరిన్ బ్లీచ్. నీళ్లు ఓడుతున్న అల్లిక బట్టను భుజాల దగ్గర వేలాడదీస్తే దాని బరువుకే అది సాగిపోతుంది, నడుం దగ్గర దండెం మీదుగా సగానికి వేయాలి. ముసురు రోజుల్లో వచ్చే వాసన బట్ట చాలాసేపు తడిగా ఉండటం వల్ల పెరిగే బ్యాక్టీరియాది. మెషీన్ ఆగాక బట్టలను అందులోనే రెండు మూడు గంటలు వదిలేస్తే అది అక్కడే మొదలవుతుంది. వెంటనే తీసి, ఒకదానికొకటి తగలకుండా, ఫ్యాను గాలికి ఆరేస్తే వాసన పుట్టే వ్యవధి ఉండదు. అమెరికాలో డ్రయ్యర్‌కు అలవాటుపడ్డవాళ్లు నూలు జాకెట్లను మాత్రం అందులో వేయకపోవడం మంచిది, వేడికి కుదించుకుపోయి హుక్కులు అందవు.

ఇస్త్రీ పెట్టె మీది మూడు చుక్కలు నూలుకు, సుమారు 200 డిగ్రీలు. రెండు చుక్కలు పట్టుకు, 150. ఒక చుక్క నైలాన్‌లాంటి వాటికి, 110. నల్లప్యాంటు మోకాళ్ల దగ్గర వచ్చే అద్దపు మెరుపు పెట్టె నేరుగా తగలడం వల్ల వచ్చేది, తిరగేసో పైన పలచని గుడ్డ వేసో చేస్తే రాదు.

జరీచీరలకు ప్లాస్టిక్ కవర్లు పనికిరావు, లోపల చిక్కిన తేమ జరీని నల్లబరుస్తుంది. ఉతికిన పాత నూలుగుడ్డలో, పాత పంచె ముక్కలో చుట్టి, కలరా ఉండలు జరీకి తగలకుండా అరలో ఓ మూలన విడిగా పెట్టాలి. మూడు నాలుగు నెలలకోసారి తీసి, గాలి తగిలించి, పాత గీత మీద కాకుండా వేరేచోట మడవాలి. పట్టుచీర కట్టకుండానే చిరిగిందంటే చిరుగు చాలావరకు ఆ మడత గీత వెంటే కనిపిస్తుంది, ముఖ్యంగా జరీ పేక (అడ్డపోగు) గట్టిగా ఉన్న కొంగు దగ్గర.